ఎవరి ఫిర్యాదు మీద మూశారా తలుపు?

నలందాను ఎవరు తగలబెట్టారు?

ఈ దేశంలో ముస్లిం పిల్లవాడికి చరిత్ర పాఠం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. మాస్టారు జవాబు చెప్పకముందే క్లాసంతా వెనక్కి తిరిగి వాడి మొహంలోకి చూస్తుంది. భక్తియార్ ఖిల్జీ ఎవరో వాడికి తెలీదు. వాడికి తెలిసిందల్లా తాత శ్రీకాకుళం బజారులో అత్తరు సీసాలు అమ్మాడనో, విజయనగరంలో జట్కా తోలాడనో. కానీ ఆ ఒక్క పీరియడ్‌లో వాడు ఎనిమిది వందల ఏళ్ల కిందటి కేసులో ముద్దాయి. బెల్లు కొట్టాక కూడా ఆ కేసు కొట్టెయ్యరు.

బౌద్ధ విద్యాలయం అన్న మాట మా చెవిన మొదటిసారి పడేది ఇట్లా, నేరారోపణగా. అందుకే దాని గురించి మేమే మాట్లాడదలుచుకున్నాం. ఆ విద్యాలయాల్లోకి ఎవర్ని రానిచ్చారు, ఎవర్ని గుమ్మంలోనే ఆపారు, వాటి పేరు చెప్పి ఇవాళ ఎవర్ని ఆపుతున్నారు అన్న లెక్క తేలాల్సిందే. ఆ లెక్క తేలడం మాకెంత అవసరమో, శాలిహుండం ఫోటోలు గోడకు తగిలించుకున్న మా సెక్యులర్ మిత్రులకూ అంతే అవసరం.

ముందు ఖిల్జీ సంగతి తేల్చేద్దాం. దాచేందుకు మాకేం లేదు. మిన్‌హాజుస్సిరాజ్ 1260లో ముగించిన 'తబఖాతె నాసిరీ'లో రాసే పెట్టాడు: రెండు వందలమంది రౌతులు బీహార్ కోట మీద పడ్డారనీ, గుండ్లు గీయించుకున్నవాళ్లందర్నీ చంపేశారనీ, ఆ తర్వాత గుట్టలుగా పడున్న పుస్తకాలు చూసి వీటిలో ఏముందో చెప్పమంటే చెప్పేవాడొక్కడూ మిగల్లేదనీ. కోట కాదు, అదంతా ఒక మదరసా అని అప్పుడు తెలిసిందట. ఆయన వాడిన మాట అదే, మదరసా. అందులో నలందా పేరు లేదు; ఆ చోటు ఓదంతపురి అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 1235లో ధర్మస్వామి అనే టిబెట్ భిక్షువు నలందాకు వచ్చి చూస్తే తొంభై దాటిన రాహుల శ్రీభద్రుడు డెబ్భైమంది శిష్యులకు ఇంకా పాఠం చెబుతూనే ఉన్నాడు. సైనికులు వస్తున్నారని మిగతా అందరూ పారిపోతే ఈ టిబెట్ కుర్రాడు ముసలి గురువును వీపున మోసుకుపోయి కాపాడుకున్నాడు. ఆ వస్తున్న సైనికులు తురుష్కులే. అదీ దాచం. పుస్తకం చదవడానికి మనిషిని మిగల్చని వాణ్ణి సమర్థించే పని మాకు లేదు. ఖిల్జీకి మేం వకీళ్లం కాం, వారసులం అంతకన్నా కాం. మాలో ఫౌజులతో వచ్చినవాళ్ల బిడ్డలు కొందరున్నారు. ఇక్కడి కులాల్లో పుట్టి, ఇక్కడి అంటరానితనం పడలేక కలిమా చదువుకున్నవాళ్ల బిడ్డలూ ఉన్నారు. ఆ రెండోవాళ్ల ముత్తాతలు అంతకుముందు ఏ విహారం మెట్లు ఊడ్చారో, ఏ విహారంలో భిక్షువులయ్యారో ఎవరు చెప్పగలరు?

ఇక మన గడ్డకు వద్దాం. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార ఒడ్డున, కళింగపట్నం సముద్రానికి చేరువలో శాలిహుండం కొండ ఉంది. క్రీస్తుకు పూర్వమే మొదలై వెయ్యేళ్లకు పైగా నడిచిన విహారం అది. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. తొలినాటి బౌద్ధం దగ్గర్నుంచి వజ్రయానం దాకా అన్ని దశల ఆనవాళ్లూ ఆ ఒక్క కొండ మీదే ఉన్నాయి. విజయనగరం జిల్లా నెల్లిమర్ల పక్కన రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద మరో విహారం. ఇవి ఆనాటి కాలేజీలు, ఆనాటి హాస్టళ్లు. మరి వీటిని ఎవరు తగలబెట్టారు? ఇక్కడికి ఏ ఖిల్జీ వచ్చాడు?

ఎవరూ రాలేదు. హుయాన్‌త్సాంగ్ ఏడో శతాబ్దంలో, 639 ప్రాంతంలో, కళింగలో తిరిగి లెక్క రాసుకున్నాడు: విహారాలు పది, భిక్షువులు ఐదువందలమంది, దేవాలయాలు వందకు పైచిలుకు. అప్పటికి ప్రవక్త మదీనాలో కన్నుమూసి పదేళ్లు కూడా కాలేదు. కళింగంలో అజాన్ విన్న చెవి ఒక్కటీ లేని రోజుల్లోనే లెక్క అట్లా తిరగబడింది. కుతుబ్‌షాహీ ఫౌజు ఈ తీరానికి వచ్చింది పదహారో శతాబ్దపు చివరి సగంలో. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో (మా పెద్దల నోట అది సికాకోల్) జామియా మసీదు కట్టించింది పదిహేడో శతాబ్దంలో. శాలిహుండంలో దీపం ఆరిపోయి అప్పటికే కొన్ని వందల ఏళ్లు.

రాజుల దానాలు విహారాల నుంచి గుళ్లకూ అగ్రహారాలకూ మళ్లాయి. రేవుల్లో వర్తకం సన్నగిల్లింది, విహారానికి ధాన్యం పంపే సార్థవాహులు లేకుండా పోయారు. చరిత్రకారులు చెప్పే కారణాలివీ. ఆ పైన జ్ఞాపకం కూడా చెదిరిపోయింది. ఆమదాలవలస దగ్గరి దంతపురం, బుద్ధుడి దంతధాతువు ఉన్న పట్నం ఇదేనని కొందరు చరిత్రకారులు చెప్పేచోటు, జనం నోట దంతవక్త్రుని కోట అయింది. బుద్ధుడి పన్ను పోయి భారతంలోని రాక్షసాంశ రాజు వచ్చి కూచున్నాడు. మంటపెట్టినవాడి పేరు పాఠ్యపుస్తకంలో ఉంటుంది. దానం ఆపినవాడి పేరూ, పేరు మార్చినవాడి పేరూ ఏ పాఠంలోనూ ఉండవు. ఈ విషయంలో పిల్లలు ఏ క్లాసులోనూ వెనక్కి తిరిగి ఎవరి మొహంలోకీ చూడరు.

ఇంతకీ ఆ విహారం లోపల ఏం జరిగింది? ఇక్కడ మా ప్రగతిశీల మిత్రులతో మాకు పేచీ ఉంది. వాళ్ల బుద్ధుడు మరీ నున్నగా ఉంటాడు. కులం లేదు, దేవుడు లేడు, అందరూ సమానం, అయిపోయింది. వినయపిటకం తెరిస్తే అంత సులువుగా అయిపోదు.

మంగలి ఉపాలి కథ అందరూ చెబుతారు. శాక్య రాకుమారులు సంఘంలో చేరడానికి వస్తూ, మా అహంకారం అణగాలి, ముందు ఉపాలికే దీక్ష ఇవ్వండి, అతనికి మేం మొక్కుతాం అన్నారు. ఇది గొప్ప కథ. ఇవాళ్టి ఏ యూనివర్సిటీ సీనియారిటీ లిస్టులోనూ ఇంత ధైర్యం లేదు. మంగలి పెద్దవాడయ్యాడు, వినయ ధర్మానికే అతను ప్రమాణమయ్యాడు. పాచిపని చేసుకునే సునీతుడు కూడా సంఘంలో చేరాడు. కులం విషయంలో ఆ తలుపు నిజంగానే తెరిచి ఉంది. ఎవరు కాదన్నా మేం ఒప్పుకుంటాం.

కానీ అదే వినయపిటకంలో ఇంకో వరస ఉంది. సరిహద్దు తిరుగుబాటు అణచమంటే బింబిసారుడి సైనికులు కొందరు యుద్ధం మానేసి భిక్షువులయ్యారు. రాజు ఫిర్యాదు చేశాడు. ఇక రాజు కొలువులో ఉన్నవాడికి దీక్ష లేదు. అప్పు తీసుకున్నవాడు చీవరం కట్టుకున్నాడు. అప్పిచ్చినవాడు చూసి గోల పెట్టాడు. ఇక అప్పులవాడికి దీక్ష లేదు. దాసుడు పారిపోయి వచ్చి భిక్షువయ్యాడు. యజమానులు గుర్తుపట్టి గొడవ చేశారు. ఇక దాసుడికి దీక్ష లేదు. జబ్బు చేసినవాళ్లు వైద్యం కోసం చేరిపోతున్నారని జీవకుడు మొరపెట్టుకున్నాడు. ఇక కుష్ఠురోగికి దీక్ష లేదు. కాళ్లూ చేతులూ లేనివాడికి లేదు. మహాప్రజాపతి గౌతమి కాళ్లు వాచేలా నడిచి వచ్చి గుమ్మంలో ఏడిస్తే గాని ఆడవాళ్లకు లేదు. వచ్చాక కూడా నూరేళ్లు దీక్షలో ఉన్న భిక్షుణి ఆ రోజే గుండు గీయించుకున్న కుర్రవాడికి లేచి నిలబడి మొక్కాలి.

వరస గమనించండి. సైనికుడి విషయంలో రాజు, అప్పులవాడి విషయంలో షావుకారు, దాసుడి విషయంలో యజమాని. సైనికుడు, అప్పులవాడు, దాసుడు వేసిన పిటిషన్ మీద తెరుచుకున్న తలుపు ఆ పుస్తకంలో మాకు కనబడలేదు. బుద్ధుణ్ణి నిందించడానికి ఈ మాట అనడం లేదు. సమానత్వం మీద నిలబడ్డ విద్యాలయం కూడా ఎక్కడ వంగుతుందో ఆ పాతపుస్తకం నిజాయితీగా చెప్పింది, ఆ నిజాయితీకి మేం సలాం చేస్తాం. మన కాలేజీల రికార్డుల్లో ఆ నిజాయితీ లేదు. తలుపు మూశామని ఉంటుంది, ఎవరి ఫిర్యాదు మీద మూశామన్నది ఉండదు.

నలందా గుమ్మం ఇంకా గట్టిది. ద్వారపాలకుడు ప్రశ్నలు వేసేవాడు. వచ్చినవాళ్లలో పదిమందికి ఏడెనిమిదిమంది ఓడి వెనక్కి పోయేవాళ్లని హుయాన్‌త్సాంగే రాశాడు. మెరిట్ అన్నమాట. విహారం ఖర్చుకు వంద ఊళ్ల ఆదాయం రాసిచ్చారనీ, రోజూ ఆ ఊళ్లవాళ్లు బియ్యం, పాలు, వెన్న మోసుకొచ్చేవాళ్లనీ కూడా ఆయన జీవితచరిత్రలో ఉంది. ఆ వెన్న మోసినవాడి కొడుకు గుమ్మంలో ద్వారపాలకుడి ప్రశ్నకు జవాబు చెప్పగలిగాడా? లోపలివాళ్లకు తీరుబడి ఎవరి చాకిరీ వల్ల వచ్చిందో వాళ్లను మెరిట్ లేదని బయట నిలబెట్టడం మండల్ రోజుల్లో పుట్టిన విద్య కాదు. నలందా గొప్పదే. ఆ గొప్పలో ఆ వంద ఊళ్ల వాటా ఎంతో చెప్పండి, అప్పుడు మేమూ మీతో కలిసి గర్వపడతాం.

ఇప్పుడు ఇవాళ్టి తలుపు. 2022 జనవరిలో ఉడుపిలో, ఇంటర్ చదివే ముస్లిం ఆడపిల్లలు తలమీద గుడ్డతో క్లాసులోకి వస్తామన్నారు. ఆ వెంటనే ఊరూరా కాషాయ కండువాలు లేచాయి. ఫిబ్రవరి 5న ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు చెప్పారు. ఈలోపు పరీక్షలు పోయినవాళ్ల పరీక్షలు పోనే పోయాయి. హిజాబ్ మంచిదా చెడ్డదా అన్నది మా ఆడపిల్లలు మాతో పోట్లాడి తేల్చుకునే విషయం, పోట్లాడుతూనే ఉన్నారు. మేం అడిగేది ఒకటే. ఆ పిల్ల ఎవరి పాఠం చెడగొట్టింది? ఎవరి ఫిర్యాదు మీద మూశారా తలుపు? రెండున్నర వేల ఏళ్ల తర్వాత కూడా యజమానులు వచ్చి గోల చేస్తే దాసుడికి దీక్ష రద్దు.

అది కర్ణాటక, మాదగ్గర అంత లేదండీ అంటారు మా ఉత్తరాంధ్ర మిత్రులు. నిజమే, ఇక్కడ గొడవ లేదు. గొడవ చెయ్యడానికి మేం ఉంటేగా! శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నూటికి ఒక్కరం కూడా లేం. క్లాసుకు ఒక్కడు. ఆ ఒక్కడి కోసం శుక్రవారం పరీక్ష టైము ఎవరు మారుస్తారు? రంజాన్‌లో హాస్టల్ వంటవాణ్ణి తెల్లవారుఝామున ఎవరు లేపుతారు? ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ 2022లో చట్టం తెచ్చారు, సంతోషం. మా రెండు జిల్లాల్లో ఏ డిగ్రీ కాలేజీకైనా వెళ్లి, మా పిల్ల సెకండ్ లాంగ్వేజి ఉర్దూ తీసుకుంటానంటోందని చెప్పి, వాళ్లేమంటారో వినండి. బాబామెట్ట ఖాదర్‌వలీ ఉర్సుకు విజయనగరం అంతా వస్తుంది. ఫాతెహా చదివించుకుంటారు, తబర్రుక్ కళ్లకద్దుకుంటారు. మర్నాడు అదే వీధిలో అద్దె ఇల్లు అడిగితే పేరు కనుక్కుంటారు. బుద్ధుడి విషయమూ ఇంతే. 2017-18లో శాలిహుండం నుంచి అమరావతి దాకా బౌద్ధ సర్క్యూట్ మంజూరు చేశారు. బుద్ధుణ్ణి అందరూ ప్రేమిస్తారు. ఆయన ఇప్పుడు ఎవరింట్లోనూ అద్దెకు దిగడు, ఎవరి కూతురితోనూ ఒకే బెంచీ మీద కూచోడు, రిజర్వేషన్ అడగడు.

మా గడ్డ మీద మరో రకం మనుషులు కూడా ఉన్నారని మరిచిపోవడం లేదు. 1919లో శాలిహుండాన్ని మళ్లీ లోకం కంట పడేట్టు చేసింది గిడుగు రామమూర్తి పంతులు. ఆయనే సవరల భాష నేర్చుకుని, వాళ్లకు వాచకాలు రాసి, వాళ్ల భాషలో బడి నడిపిన మనిషి. పిల్లవాడు తన నాలుకను గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలి రావాలనే బడి బడి కాదని ఆయనకు తెలుసు. అదే 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెడితే దానికి మొదటి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు పారసీ నేర్చుకుని, ఉమర్ ఖయ్యామును ఇంగ్లీషు చేతుల మీదుగా కాకుండా సూటిగా మూలం నుంచి సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చి 1932లో అచ్చు వేయించాడు. మా భాషను ముట్టుకుంటే మైలపడతానని ఆయన అనుకోలేదు. విద్యలనగరం అని మురిసిపోయేవాళ్లు దాసుగారి హరికథలు చెబుతారు, దాసుగారి పారసీ సంగతి మింగేస్తారు.

బౌద్ధం పేరున ఈ కాలంలో కాలేజీ పెట్టి దానికి అర్థం చెప్పినవాడు అంబేడ్కర్. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాదులో (ఆ ఊరి పేరు కూడా ఇప్పుడు మార్చేశారు) మరో కాలేజీ. ఆ రెండోదానికి మిళింద అని పేరు. ఆయన బౌద్ధం తీసుకున్నది 1956లో, అంటే ముందు కాలేజీ, తర్వాత దీక్ష. మిళిందుడు ఎవరు? గ్రీకు రాజు, యవనుడు, బయటినుంచి వచ్చినవాడు. నాగసేన భిక్షువును ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసినవాడు. పండితుడిలా వాదిస్తావా, రాజులా వాదిస్తావా అని భిక్షువు ముందే అడిగాడు, ఎందుకంటే రాజులు కాదన్నవాణ్ణి శిక్షిస్తారు. పండితుడిలానే అన్నాడు రాజు. బౌద్ధ కాలేజీకి అంబేడ్కర్ భిక్షువు పేరు పెట్టలేదు, ప్రశ్నలు వేసిన యవనుడి పేరు పెట్టాడు. ఆ యవన శబ్దాన్నే తర్వాత మన కావ్యాల్లో మాకు అంటగట్టారు. ఇక నలందాను మళ్లీ తెరవాలని 2006లో బీహార్ శాసనసభలో ప్రతిపాదించింది అబ్దుల్ కలాం. 2010లో చట్టం, 2014లో క్లాసులు, 2024 జూన్‌లో కొత్త క్యాంపస్ ప్రారంభం. ఆ ప్రారంభమప్పుడు కూడా మళ్లీ ఖిల్జీయే గుర్తొచ్చాడు. తగలబెట్టినవాడి మతం గుర్తుంటుంది, తెరవమన్నవాడి మతం మాత్రం అప్రస్తుతం.

అసలు దెబ్బ మాత్రం పాఠ్యపుస్తకంలో లేదు, రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ఎస్సీ అంటే హిందువే అన్నారు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. బౌద్ధులను చేర్చినందుకు మాకు ఏడుపు లేదు, ఆ హక్కు వాళ్లది, నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. మరి మా మెహతర్ సంగతేంటి? అదే చీపురు, అదే బుట్ట, అదే వీధి. అతను బుద్ధం శరణం అంటే, పాత కులం కాగితం ఉంటే, ఎస్సీ. లాఇలాహ అంటే కాడు. మన రాష్ట్రంలో బీసీ-ఏ. కాలేజీ సీటు, స్కాలర్‌షిప్, హాస్టల్, అట్రాసిటీ చట్టం రక్షణ అన్నీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాయి. సునీతుణ్ణి ఏ దేవుణ్ణి నమ్ముతావని ఎవరూ అడగలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కులానికీ మతానికీ ముడి విప్పమని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు పక్కన పెట్టి 2022లో మరో కమిషన్ వేశారు. బీసీ-ఈ కింద మన రాష్ట్రం 2007లో ఇచ్చిన నాలుగు శాతాన్ని కూడా హైకోర్టు 2010లో కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు పట్టుకుని మా పిల్లలు కాలేజీ గుమ్మం దాటారు.

మా ఇంటి గుమ్మం కూడా అడుగుదాం, లేకపోతే ఈ మాటలన్నీ అనే హక్కు మాకు ఉండదు. దూదేకులవాణ్ణి సగం ముస్లిం అని నవ్వే షేకులు, సయ్యదులు మాలో ఉన్నారు. మెహతర్ పిల్లవాణ్ణి మదరసాలో చివరి చాప మీద కూచోబెట్టే మౌల్వీసాబులూ ఉన్నారు. అక్కడ ఎవరి ఫిర్యాదు మీద ఎవర్ని వెనక్కి జరిపారో కూడా రాయాలి, మా ఉర్దూ పత్రికల్లోనే రాయాలి.

ఇక మాస్టార్లతో ఒక మాట. నలందా పాఠం మానెయ్యమని మేం అడగడం లేదు, ఖిల్జీ పేరు కొట్టెయ్యమనీ అడగడం లేదు. ఉన్నదంతా చెప్పండి. పదిమందిలో ఏడెనిమిదిమందిని తిప్పిపంపిన ద్వారపాలకుణ్ణి చెప్పండి, వెన్న మోసిన వంద ఊళ్లను చెప్పండి, గురువును వీపున వేసుకున్న టిబెట్ కుర్రాణ్ణి చెప్పండి, తరుముకొచ్చిన తురుష్కుణ్ణీ చెప్పండి. అది అయ్యాక ఒకరోజు పిల్లలందర్నీ బస్సెక్కించి శాలిహుండం తీసుకెళ్లండి. మెట్లెక్కాక, ఇది ఎవరు పాడుచేశారు అని క్లాసంతటినీ అడగండి. ఈసారి పిల్లలు ఎవరి వైపు తిరుగుతారో చూద్దాం.